వయొలిన్ నిర్మాణం, నాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

వయొలిన్ నేర్చుకునే పిల్లల అమ్మానాన్నలు, కచేరీల్లో కొత్తగా పక్కవాద్యం వాయిస్తున్నవాళ్లు, ఇంట్లో పాత వయొలిన్ బయటపడితే ఏం చేయాలో తోచనివాళ్లు అందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టొచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. "నా వయొలిన్ పలకడం లేదు" అనేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త వయొలిన్ కాదు. ఉన్నదానికే సరిగ్గా కూర్చున్న బ్రిడ్జి (తీగలను పై పలక మీద ఎత్తి పట్టే చెక్క ముక్క), సరైన చోట నిలబడిన సౌండ్ పోస్ట్ (పెట్టె లోపల నిలబెట్టే చిన్న కడ్డీ), వాళ్ల శ్రుతికి తగ్గ తీగలు కావాలి.

## శబ్దం ఎలా పుడుతుంది

మోగేది తీగే కదా, ఇంత పెట్టె ఎందుకు?

తీగ సన్నం. అది ఎంత ఊగినా గాలిని పెద్దగా కదిలించలేదు. పెట్టె లేకుండా తీగను మాత్రమే బిగించి వాయిస్తే పక్క గదిలోకి కూడా వినపడదు. తీగ కదలికను బ్రిడ్జి పట్టుకుని పై పలకకు అందిస్తుంది. వెడల్పాటి ఆ పలక గాలిని కదిలిస్తుంది. ఈ దారిలో ప్రతి మెట్టూ కొన్ని ఫ్రీక్వెన్సీలను (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్కను) ముందుకు పంపి, కొన్నింటిని ఆపేస్తుంది. రెండు వయొలిన్ల మీద ఒకే తీగలు వేసి, ఒకే మనిషి వాయించినా గొంతులు వేరుగా వినపడేది అందుకే.

కమాను లాగుతున్నప్పుడు తీగ అటూ ఇటూ ఊగుతుందా?

కంటికి అలాగే కనిపిస్తుంది గానీ జరిగేది వేరు. రోజిన్ (గట్టిపడిన చెట్టు బంక) పూసిన కమాను వెంట్రుకలు తీగను పట్టుకుని కొంతదూరం లాగుతాయి, తర్వాత తీగ జారి వెనక్కి వస్తుంది, మళ్లీ అంటుకుంటుంది. 440 హెర్ట్జ్ స్వరమైతే ఇది సెకనుకు 440 సార్లు జరుగుతుంది. తీగలో ఒక మలుపు బ్రిడ్జికీ వేలికీ మధ్య పరుగులు పెడుతుంటుంది. 19వ శతాబ్దంలో దీన్ని మొదట కనిపెట్టి చెప్పింది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. ఆ తర్వాత లోతుగా పని చేసింది సి.వి. రామన్. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలో. తండ్రి అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1918లో కమాను తీగల కంపనాల మీద పెద్ద గ్రంథమే రాసిన రామన్, తర్వాత వయొలిన్‌ను యంత్రంతో వాయించి కమాను వేగం, ఒత్తిడి, బ్రిడ్జి నుంచి దూరం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో కొలిచారు. బ్రిడ్జికి దగ్గరగా వాయిస్తే ఎక్కువ ఒత్తిడి కావాలని గురువులు చెప్పే మాట వెనక ఉన్న లెక్క అదే.

సౌండ్ పోస్ట్ అంటే లోపల నిలబెట్టిన చిన్న పుల్లే కదా, దానికంత హడావిడి ఎందుకు?

సుమారు 6 మిల్లీమీటర్ల మందం ఉన్న, స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క కడ్డీ అది. జిగురు ఉండదు. పై పలకకూ వెనక పలకకూ మధ్య బిగువుగా నిలబడుతుంది, అంతే. సన్న తీగ వైపున్న బ్రిడ్జి కాలికి రెండు మూడు మిల్లీమీటర్లు వెనకగా ఉంటుంది.

దీని పని తెలియాలంటే బ్రిడ్జిని చూడాలి. కమాను తీగను పక్కకు లాగుతుంది కాబట్టి బ్రిడ్జి కూడా పక్కకే ఊగుతుంది. ఒక కాలు కిందికి నొక్కితే రెండోది పైకి లేస్తుంది. పలక రెండు వైపులా ఒకేలా ఉంటే ఒకవైపు నెట్టిన గాలిని రెండోవైపు లాగేసుకుంటుంది, బయటికి వచ్చే శబ్దం చాలా తగ్గిపోతుంది. సౌండ్ పోస్ట్ ఒక కాలిని దాదాపు కదలనివ్వకుండా పట్టుకుంటుంది. అప్పుడు రెండో కాలు పలకను పంపులా ఆడిస్తుంది. ఆ కదలికలో కొంత వెనక పలకకూ చేరుతుంది. పోస్ట్ పడిపోయిన వయొలిన్ బలహీనంగా, బోలుగా పలికేది ఇందుకే.

అర మిల్లీమీటరు జరిపినా చెవికి తెలుస్తుంది. మామూలుగా బ్రిడ్జికి దగ్గరగా జరిపితే శబ్దం బిగువుగా, పదునుగా, దూరం జరిపితే మెత్తగా మారుతుంది. కానీ ఇది ప్రతి వయొలిన్‌కూ ఒకేలా వర్తించదు, వింటూ జరపాల్సిందే.

లోపల ఒకవైపు అతికించిన పొడవాటి బద్ద దేనికి?

దాన్ని బేస్ బార్ అంటారు. లావు తీగ వైపున్న బ్రిడ్జి కాలి కింద, పై పలక లోపల పొడవునా అతికించి ఉంటుంది. బ్రిడ్జి కాలు కదిపిన కదలికను పలక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పంచుతుంది. తీగల బరువుకు పలక కుంగకుండా కూడా కాస్తుంది. పాశ్చాత్య శ్రుతిలో బిగించినప్పుడు బ్రిడ్జి పలకను 7 నుంచి 10 కిలోల బరువుతో నొక్కుతుంది, పలక మందమేమో మూడు మిల్లీమీటర్లు. 1800 ప్రాంతంలో వయొలిన్ల మెడలను వెనక్కి వంచి, తీగల బిగువు పెంచినప్పుడు పాత వయొలిన్లలో ఈ బద్దను తీసి ఇంకా పెద్దది, బలమైనది వేశారు. ఇటలీ పనివాడు స్ట్రాడివరి చేసిన, ఇప్పుడు మనం వినే స్ట్రాడివేరియస్‌లు దాదాపు అన్నీ అలా మార్చినవే.

ఆ ఎఫ్ ఆకారపు రంధ్రాలు అందం కోసమేనా?

కాదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్‌మని ఒకే స్వరం వస్తుంది కదా, వయొలిన్ పెట్టెలోని గాలికీ అలాంటి సొంత స్వరం ఒకటి ఉంటుంది. సుమారు 270 నుంచి 290 హెర్ట్జ్ మధ్య, అంటే పాశ్చాత్య శ్రుతిలో డి తీగకు దగ్గరగా. ఆ చుట్టుపక్కల స్వరాలకు బలం ఇచ్చేది ఈ గాలే. రంధ్రాలు లేకపోతే కింది స్థాయి మొత్తం పలచబడుతుంది.

ఆకారం సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు 2015లో ప్రచురించిన పనిలో తేలిందేమిటంటే, గాలి రంధ్రం మధ్య నుంచి కాదు, అంచుల వెంబడే ఎక్కువగా కదులుతుంది. కాబట్టి లెక్కలోకి వచ్చేది రంధ్రం వైశాల్యం కన్నా చుట్టుకొలత. గుండ్రటి రంధ్రం కన్నా పొడవాటి సన్నని ఎఫ్ ఎక్కువ గాలిని పలికిస్తుంది. ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసిన అమాటీ కుటుంబం నుంచి స్ట్రాడివరి, గ్వార్నేరిల దాకా రెండు శతాబ్దాల్లో ఈ రంధ్రాలు మెల్లమెల్లగా పొడవయ్యాయి. ఎవరో కూర్చుని లెక్కకట్టి మార్చారని కాదు. తరం తరానికి కొద్దికొద్దిగా తేడాలు వచ్చాయి, గట్టిగా పలికినవాటిని చూసి తర్వాతివాళ్లు చేసుకుంటూ పోయారు.

రెండు రంధ్రాలు ఇంకో మేలు కూడా చేస్తాయి. వాటి మధ్య ఉన్న పలక భాగం విడివడి, బ్రిడ్జి కింద స్వేచ్ఛగా ఆడుతుంది.

## కొనే ముందు

పై పలక స్ప్రూస్, వెనక పలక మేపుల్ అంటారు. మన పనస చెక్కతో ఎందుకు చేయరు?

బొబ్బిలి వీణ పనస చెక్కదే, దాని నాదాన్ని వంక పెట్టేవాళ్లు లేరు. కానీ వీణ తీగను మీటుతాం, మీటిన నాదం నెమ్మదిగా తగ్గుతూ నిలవాలి. వయొలిన్‌లో కమాను నిరంతరం శక్తిని పోస్తుంటుంది, పలక దాన్ని వెంటనే గాలిలోకి ఇచ్చేయాలి. దానికి బరువు తక్కువ, బిగువు ఎక్కువ ఉన్న చెక్క కావాలి. స్ప్రూస్ ఆ విషయంలో అసాధారణమైన చెక్క. ఈనె పొడవునా శబ్దం దానిలో సెకనుకు 5,000 మీటర్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది, అడ్డంగా మాత్రం అందులో చిన్న వంతు. అంటే పొడవునా చాలా గట్టి, అడ్డంగా మెత్తన. పలక ఆకారం కూడా పొడవుగానే ఉంటుంది, నడుము దగ్గర సన్నగా ఉండేది మాత్రం కమాను తగలకుండా. పనస స్ప్రూస్ కన్నా బరువైనది. దాన్ని అంతే మందంలో చెక్కితే పలక బరువెక్కి శబ్దం మందగిస్తుంది, బరువు తగ్గించాలని పలచగా చెక్కితే తీగల ఒత్తిడికి నిలవదు.

వెనక పలక సంగతి వేరు. అక్కడ బరువు, గట్టిదనం ఉన్న మేపుల్ బాగా కుదురుతుంది. పై పలక ఆడుతుంటే అది పెట్టెను నిలబెట్టి, తన వంతు తానూ పలుకుతుంది.

వెనక పలక మీద పులిచారలు ఎంత ఉంటే అంత మంచిదా?

చూడ్డానికి మంచిది. మేపుల్ ఈనె అలలుగా పెరిగితే ఆ చారలు వస్తాయి, ధర కూడా పెరుగుతుంది. నాదానికీ వాటికీ నేరుగా సంబంధం లేదు. వెనక పలక ఒకే ముక్కా, రెండు ముక్కలు కలిపి అతికించిందా అన్నదీ అంతే. మీ బడ్జెట్‌లో చారలకు పెట్టే డబ్బు మంచి బ్రిడ్జికీ తీగలకూ పెట్టండి.

తక్కువ ధర వయొలిన్లు ప్లైవుడ్‌తో చేస్తారట, నిజమేనా? ఎలా గుర్తుపట్టాలి?

కొన్ని అలాగే చేస్తారు. పలచటి పొరలు అతికించి, అచ్చులో నొక్కి వంపు తెస్తారు. మంచి వయొలిన్‌లో పలక మందపాటి దిమ్మె నుంచి చెక్కింది, వంపు చెక్కడం వల్లే వస్తుంది. ప్లైవుడ్ పొరల్లో ఈనెలు అడ్డదిడ్డంగా ఉంటాయి, మధ్యలో జిగురు. కాబట్టి స్ప్రూస్‌కు ఉన్న సహజమైన బిగువు-మెత్తదనాల తేడా పోతుంది. శబ్దం మూసుకుపోయినట్టు వస్తుంది.

గుర్తుపట్టడానికి ఎఫ్ రంధ్రం అంచును ఫోన్ లైటు వేసి దగ్గరగా చూడండి. కోసిన అంచులో నిలువు ఈనెలు పై నుంచి కింది దాకా ఒకే చెక్కగా కొనసాగితే అది అసలు చెక్క. అంచులో రెండు మూడు రంగుల పొరలు కనిపిస్తే ప్లైవుడ్. పలక మీది సన్నని నల్ల గీతల అంచు కూడా చూడండి. మంచివాటిలో గాడి కోసి, చెక్క బద్దలు దిగ్గొట్టి ఉంటాయి. చవకవాటిలో చాలాసార్లు పెయింటుతో గీసేస్తారు. ఆ బద్దల వరస పలక అంచు చీలకుండా కాపాడుతుంది కాబట్టి అది అలంకారం మాత్రమే కాదు.

పొట్ట ఎత్తుగా ఉన్నది మంచిదా, చదునుగా ఉన్నదా?

రెండు సంప్రదాయాలు ఉన్నాయి. 17వ శతాబ్దంలో ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ ప్రాంతంలో జేకబ్ స్టైనర్ చేసిన వయొలిన్లకు పొట్ట ఎత్తు, నాదం తియ్యగా, దగ్గరికి వింటే హాయిగా ఉంటుంది. స్ట్రాడివరి, గ్వార్నేరి వంపును తగ్గించారు. వాటి శబ్దం దూరానికి వెళ్తుంది. చిన్న గదుల్లో వాయించిన రోజుల్లో స్టైనర్ పేరు చాలా గొప్పది. పెద్ద హాళ్లు వచ్చాక చదును వంపు గెలిచింది. ఇప్పుడు షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ స్ట్రాడివరి నమూనాకు దగ్గరవే. వంపు సమంగా, గుంటలు పడకుండా ఉంటే చాలు, ఎత్తు గురించి టెన్షన్ పడకండి.

పలకలు మందంగా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది కదా?

మన్నుతుంది, పలకదు. మంచి వయొలిన్‌లో పై పలక 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్ల మధ్య, వెనక పలక నడిమధ్య సుమారు 4.5, అంచుల వైపు దాదాపు 2.5 ఉంటుంది. ఫ్యాక్టరీలు చెక్క పగిలి వాపసు రాకూడదని మందంగా వదిలేస్తుంటాయి. అలాంటిది చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తుంది. మరీ పలచగా చెక్కితే మొదట్లో గట్టిగా మోగినా శబ్దంలో నిండుదనం పోతుంది, కొన్నేళ్లకు బ్రిడ్జి కింద పలక దిగబడుతుంది.

మెరిసే వార్నిష్ వల్ల శబ్దం మారుతుందా?

మందంగా వేస్తే పాడవుతుంది. గాజు పూసినట్టు గట్టిగా, దళసరిగా ఉన్న పాలిష్ పలక కదలికను అణచివేస్తుంది. పలచగా, సరిగ్గా వేసిన వార్నిష్ చెక్కను చెమట నుంచి, తేమ నుంచి కాపాడుతుంది, నాదంలో పెద్ద మార్పు తేదు. ఇంట్లో ఫర్నిచర్ పాలిష్ మాత్రం పొరపాటున కూడా పూయకండి.

పాపకు ఏడేళ్లు. ఒకేసారి ఫుల్ సైజు కొనేస్తే పోదా?

వద్దు. చెయ్యి అందక భుజం, మణికట్టు నొప్పి వస్తుంది, వేలి స్థానాలు తప్పుగా అలవాటవుతాయి. ఫుల్ సైజు వయొలిన్ పెట్టె పొడవు 356 మిల్లీమీటర్ల ప్రాంతంలో, హాఫ్ సైజుది 310 ప్రాంతంలో ఉంటుంది. చిన్న పెట్టెలో గాలి స్వరం పైకి వెళ్తుంది కాబట్టి కింది స్థాయి పలచగా వస్తుంది. అది చిన్న వయొలిన్లన్నిటికీ ఉన్న పరిమితి, మీరు కొన్నది చెడ్డదని కాదు. చిన్న సైజు అద్దెకు దొరికితే ఇంకా మంచిది.

## కొన్న తర్వాత: సెటప్

బ్రిడ్జి మారిస్తే అంత తేడా వస్తుందా?

నిజంగా వస్తుంది, నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. బ్రిడ్జి తీగలను మోసే స్తంభం మాత్రమే కాదు, ఏ ఫ్రీక్వెన్సీలు పలకకు చేరాలో తేల్చే జల్లెడ కూడా. 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో బ్రిడ్జికే సొంత కంపనం ఉంటుంది. మనిషి చెవి బాగా పట్టుకునేది కూడా ఇంచుమించు ఆ ప్రాంతాన్నే. బ్రిడ్జి మధ్యలో గుండె ఆకారంలో, పక్కల్లో మూత్రపిండాల ఆకారంలో కోసిన ఖాళీలు ఆ కంపనాన్ని సరిచేయడానికి. కొత్త వయొలిన్‌తో వచ్చే బ్రిడ్జి చాలాసార్లు సగం చెక్కిన ముడి సరుకే. పై అంచు మందంగా ఉంటుంది, అలాంటప్పుడు శబ్దం మొద్దుగా వస్తుంది. మంచి చేతిలో పై అంచు 1.3 మిల్లీమీటర్ల ప్రాంతానికి, కాళ్లు పలక వంపుకు సరిగ్గా దిగుతాయి.

మీరే పరీక్షించుకోవచ్చు. మామూలు తెల్ల కాగితం ముక్క తీసుకుని బ్రిడ్జి కాలి కింద నాలుగు వైపులా దూర్చి చూడండి. ఎక్కడైనా లోపలికి జారిందంటే ఆ కాలు పలకను పూర్తిగా తాకడం లేదు. అంత మేరకు నాదం అక్కడే ఆగిపోతున్నట్టే.

బ్రిడ్జి మెడ వైపు వాలిపోతోంది. ప్రమాదమా?

ప్రమాదమే. బిరడాలు తిప్పి బిగించిన ప్రతిసారీ తీగలు బ్రిడ్జి పైభాగాన్ని మెడ వైపు లాగుతాయి. వదిలేస్తే బ్రిడ్జి వంకర తిరిగి, ఒకరోజు ధబేల్‌మని పడిపోతుంది, ఆ దెబ్బకు సౌండ్ పోస్ట్ కూడా పడొచ్చు. టెయిల్ పీస్ (తీగల కింది చివరలను పట్టి ఉంచే భాగం) వైపున్న బ్రిడ్జి ముఖం పలకకు నిలువుగా ఉండాలి. తీగలను కాస్త వదులు చేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో బ్రిడ్జిని పట్టుకుని మెల్లగా వెనక్కి తీసుకురండి. కాళ్లు ఎఫ్ రంధ్రాల లోపలి గాట్లకు ఎదురుగా ఉండాలి. గాడుల్లో పెన్సిల్ నలుపు రాస్తే తీగలు జారి, బ్రిడ్జిని లాగడం తగ్గుతుంది.

స్టీలు తీగలా, సింథటిక్ తీగలా?

స్టీలు తీగ పదునుగా, వెంటనే పలుకుతుంది, శ్రుతి బాగా నిలుస్తుంది. లోపల నైలాన్ లాంటి దారం, పైన లోహం చుట్టిన తీగలు గుండ్రంగా, మెత్తగా పలుకుతాయి. వియన్నాకు చెందిన థోమాస్టిక్-ఇన్ఫెల్డ్ 1970లో డామినెంట్ తీగలు తెచ్చాక ఈ రకం ప్రపంచమంతా పాకింది. అంతకుముందు వందల ఏళ్లు ఎక్కువగా గొర్రె పేగు తీగలే. గరుకుగా పలికే చవక వయొలిన్‌కు సింథటిక్ తీగలు వేస్తే కరుకుదనం తగ్గుతుంది. మందకొడిగా పలికేదానికి స్టీలు ప్రాణం పోస్తుంది. ఒక సెట్టు వేశాక వారం వాయించి అప్పుడు తీర్పు చెప్పండి, కొత్త తీగలు సాగి నిలబడడానికి కొన్ని రోజులు పడుతుంది.

నాలుగు ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని సన్నగా సరిచేసే చిన్న మరలు), లోహపు టెయిల్ పీస్ వేస్తే నష్టమా?

బరువు పెరుగుతుంది, కొంత శబ్దం అణుగుతుంది. ట్యూనర్లు టెయిల్ పీస్‌తోనే కలిసి వచ్చే తేలికపాటి రకం వేసుకుంటే నష్టం తక్కువ. పిల్లలకు మాత్రం ట్యూనర్లు ఉంచండి. శ్రుతి తప్పిన వయొలిన్ మీద సాధన చేయడం కన్నా కాస్త అణిగిన శబ్దం నయం.

ఒకే ఒక్క స్వరం దగ్గర వణికి, గరగరమంటోంది. నా కమానులో లోపమా?

దాన్ని వోల్ఫ్ నోట్ అంటారు. పెట్టె సొంతంగా బాగా ఊగే ఫ్రీక్వెన్సీ, మీరు పలికించే స్వరం ఒకటైపోతే తీగ శక్తినంతా పలక లాగేసుకుంటుంది. తీగ నిలకడగా ఊగలేక బలం పెరుగుతూ తరుగుతూ వణుకుతుంది. రామన్ 1916లో దీని మీద కూడా రాశారు. సాధారణంగా లావు తీగ మీద పై స్థానాల్లో వస్తుంది. అక్కడ కమానును కాస్త గట్టిగా, బ్రిడ్జికి దగ్గరగా వేస్తే చాలావరకు లొంగుతుంది. సౌండ్ పోస్ట్‌ను సరిచేయడం, ఆ తీగ రకం మార్చడం తర్వాతి మార్గాలు. పెట్టె స్పందన బలంగా ఉన్న మంచి వయొలిన్లలోనూ ఇది కనిపిస్తుంది.

కమాను కూడా నాదాన్ని మారుస్తుందా?

చాలా. ఇప్పటి వంపు రూపం 18వ శతాబ్దం చివర ప్యారిస్‌లో ఫ్రాన్స్వా టూర్ట్ చేతుల్లో స్థిరపడింది. చెక్క బ్రెజిల్‌కు చెందిన పెర్నాంబుకో. బరువు 60 గ్రాముల చుట్టుపక్కల. చెక్క మెత్తగా ఉంటే కమాను తీగ మీద నలిగినట్టు అయి పలుకు స్పష్టంగా రాదు. పెర్నాంబుకో చాలా ఖరీదు, పైగా ఆ చెట్టు అంతరించే దశలో ఉంది. విద్యార్థికి మంచి కార్బన్ ఫైబర్ కమాను చక్కగా సరిపోతుంది. రోజిన్ కొంచెమే చాలు. పలక మీద తెల్ల పొడి పేరుకుంటే రోజూ మెత్తటి గుడ్డతో తుడవండి.

## మన శ్రుతి, మన కచేరీ

మగ గాయకుల శ్రుతికి దించితే తీగలు వదులైపోయి నాదం పోతోంది. ఏం చేయాలి?

ఇది కర్ణాటక వయొలిన్‌కు సంబంధించిన అసలు సమస్య, దీని గురించి పాశ్చాత్య పుస్తకాల్లో వెతికితే దొరకదు. మనం స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. ఐదు శ్రుతి, అంటే జి షడ్జమైతే లావు తీగ నుంచి జి, డి, జి, డి వస్తాయి. కింది రెండు తీగలు పాశ్చాత్య శ్రుతిలో ఉన్నట్టే ఉంటాయి, పై రెండూ ఒక్కొక్క స్వరం దిగుతాయి. ఆ ప్రాంతపు శ్రుతిలో పాడే ఆడవాళ్ల పాటకు వయొలిన్ హాయిగా పలకడానికి కారణం అదే. అదే తీగలతో ఒకటి శ్రుతికి, అంటే సి షడ్జానికి దించితే, బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అది ఐదు శ్రుతిలో ఉన్నదానిలో 44 శాతానికి పడిపోతుంది. రెండు శ్రుతికైతే (డి షడ్జం) 56 శాతానికి. బ్రిడ్జి మీద ఒత్తిడి తగ్గుతుంది, కమాను కాస్త నొక్కగానే తీగ స్వరం తప్పుతుంది.

పరిష్కారం లావుపాటి తీగలు. తీగ మందం పెరిగితే బరువు పెరిగి, అదే స్వరానికి ఎక్కువ బిగువు నిలుస్తుంది. ఎక్కువగా ఏ శ్రుతికి వాయిస్తారో దానికి తగ్గ సెట్టు ఎంచుకోండి. వీలుంటే హెచ్చు శ్రుతికి ఒకటి, తగ్గు శ్రుతికి ఒకటి రెండు వయొలిన్లు పెట్టుకోవడం చాలా మంచి పద్ధతి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వయోలా కూడా వాయించేవారు. దాని పెట్టె పెద్దది, గాలి స్వరం కింద ఉంటుంది, కాబట్టి తగ్గు శ్రుతికి అది సహజంగా కుదురుతుంది.

మంద్ర షడ్జం బోలుగా వినిపిస్తుంది. వయొలిన్ లోపమా?

పెట్టె సైజు పరిమితి. పెట్టెలోని గాలి 270 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానికి బాగా కింద ఉన్న స్వరాల మూల ఫ్రీక్వెన్సీని వయొలిన్ బయటికి పంపలేదు. ఒకటి శ్రుతిలో మంద్ర షడ్జం సుమారు 131 హెర్ట్జ్. మనకు వినపడేది దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ఫ్రీక్వెన్సీల్లో పుట్టే అతిస్వరాలు. వాటిని బట్టి చెవి అసలు స్వరాన్ని తనే కూర్చుకుంటుంది. అందుకని మంద్రంలో అతిస్వరాలు పుష్కలంగా ఉండాలి. మాసిపోయిన, రోజిన్ అట్టకట్టిన పాత లావు తీగ వాటిని మింగేస్తుంది. ముందు ఆ తీగ మార్చి చూడండి.

కూర్చుని, స్క్రోల్‌ను (మెడ చివర చుట్ట తిరిగిన భాగం) కాలి మీద ఆనించి వాయిస్తే నాదం మారుతుందా?

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన కాలం నుంచి వాద్యం నిర్మాణం దాదాపు మారలేదు, పట్టుకునే తీరు మారింది. స్క్రోల్ కుడి పాదం మీద ఆనితే ఎడమచేతికి వయొలిన్ మోసే పని ఉండదు, జారుడు గమకాలకు చెయ్యి పూర్తిగా ఖాళీ అవుతుంది. మన గమకం ఈ వాద్యం మీద ఇంత సహజంగా కుదరడానికి ఈ భంగిమే ముఖ్య కారణమని నేను నమ్ముతాను. నాదం విషయంలో ఒక్కటి గమనించండి. దళసరి కండువా, మడత పెట్టిన చీర చెంగు వెనక పలకకు గట్టిగా ఆనుకుంటే దాని కదలిక అణుగుతుంది.

గమకాల కోసం వేళ్లకు కొబ్బరి నూనె రాస్తాం. వయొలిన్‌కు మంచిదేనా?

వేళ్లు జారడానికి పనికొస్తుంది, చుక్క చాలు. కమాను తగిలే చోటుకు నూనె చేరితే వెంట్రుకలు తీగను పట్టుకోలేవు, శబ్దం తుస్సుమంటుంది. వాయించాక ఫింగర్ బోర్డునూ తీగలనూ విడి గుడ్డతో తుడవండి, ఆ గుడ్డను కమాను దగ్గరికి రానివ్వకండి.

మైక్ ఉంటుంది కదా, అప్పుడు కూడా ఇవన్నీ అవసరమా?

మైక్ ఎదురుగా పెడితే వయొలిన్ మొత్తం నాదాన్ని అందుకుంటుంది, కాబట్టి అవసరమే. బ్రిడ్జికి తగిలించే పికప్ మాత్రం బ్రిడ్జి కంపనాన్నే పట్టుకుంటుంది. పెట్టెలోని గాలి, ఎఫ్ రంధ్రాలు ఇచ్చే నిండుదనం దానికి అందదు. అందుకే పికప్ శబ్దం తరచు సన్నగా, గీసుకుపోయినట్టు వినపడుతుంది. మృదంగం పక్కన మైక్‌కు ఫీడ్‌బ్యాక్ వస్తుందంటే పికప్ తప్పదు, కానీ అవకాశం ఉంటే పై పలకకు ఎదురుగా ఒక జానెడు దూరంలో మైక్ అడగండి.

## వాతావరణం, వయసు

ఎండాకాలంలో బిరడాలు జారిపోతాయి, వానాకాలంలో కదలవు. ఎందుకిలా?

చెక్క తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడి గాలిలో బిరడా సన్నబడి జారుతుంది, కోస్తాలో వానలు పడితే ఉబ్బి బిగుసుకుంటుంది. పెగ్ పేస్ట్ (బిరడాలకు రాసే ముద్ద) దొరికితే రాయండి. జారుతున్నప్పుడు తిప్పుతూనే లోపలికి నెట్టాలి. బిగుసుకున్నప్పుడు పకడుతో తిప్పితే బిరడా పెట్టె చీలుతుంది. వయొలిన్ దాచే కేసు లోపల తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వయొలిన్ క్షేమం. ఏసీ గదిలో రాత్రంతా బయట వదిలేయకండి. ఎండలో ఆపిన కారులో అసలు వదలకండి. పలకలను పట్టి ఉంచేది జంతు జిగురు, వేడికి మెత్తబడుతుంది.

ఉన్నట్టుండి జుర్రుమని చప్పుడు వస్తోంది. ఎక్కడ నుంచో తెలియడం లేదు.

మొదట తేలికైనవి చూడండి: వదులైన ఫైన్ ట్యూనర్ మర, గడ్డం ఆనించే చిన్ రెస్ట్ బిగింపు, తీగ చుట్టు విడిపోవడం. అవేవీ కాకపోతే పలక అంచు జిగురు వదిలి ఉండొచ్చు. వయొలిన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో అంచు చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. అతుకు బాగున్నంత మేర ఠక్‌ఠక్ అని గట్టిగా వినపడుతుంది. విడిపోయిన చోటుకు రాగానే శబ్దం వదులై, చిన్నగా టపటపమంటుంది. ఎక్కువగా కింది అంచున, గడ్డం చెమట తగిలే చోట, నడుము దగ్గర ఇలా అవుతుంది. ఫెవికాల్, సూపర్ గ్లూ పెట్టకండి. జంతు జిగురుతో అతికిస్తే చిన్న పని. గట్టి జిగురు పెడితే తర్వాత ఎప్పుడైనా తెరవాల్సి వచ్చినప్పుడు చెక్కే చీలుతుంది.

స్ట్రాడివేరియస్ రహస్యం ఏమిటి? కొత్త వయొలిన్ ఎప్పటికీ దానికి సాటి రాదా?

చల్లని వాతావరణంలో నెమ్మదిగా పెరిగిన చెట్లన్నారు, చెక్కకు వేసిన రసాయనాలన్నారు, వార్నిష్ అన్నారు. 1737లో చనిపోయిన స్ట్రాడివరి వయొలిన్లు ఇప్పటికీ 500 దాకా ఉన్నాయి. వాటిలో 1721 నాటి 'లేడీ బ్లంట్' 2011లో జపాన్ సునామీ బాధితుల సహాయం కోసం వేలానికి వచ్చి సుమారు 1.6 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ధర వేరు, చెవి వేరు. 2012లో ప్యారిస్ దగ్గర క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 10 మంది సోలో కళాకారుల చేత, ఏది ఏదో కనపడకుండా, 6 పాత ఇటలీ వయొలిన్లూ 6 కొత్తవీ వాయింపించింది. ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చారు, ఏది పాతదో ఏది కొత్తదో నమ్మకంగా పోల్చలేకపోయారు. స్ట్రాడివరి గొప్పవాడు కాడని దీని అర్థం కాదు. ఇప్పటి మంచి పనివాళ్లు ఆయన కొలతలను నేర్చుకునే ఆ స్థాయికి చేరారు. మీ చేతిలో ఉన్న కొత్త వయొలిన్‌ను తక్కువగా చూడకండి.

తాతగారి వయొలిన్ లోపల "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమోనా" అని కాగితం ఉంది. అసలుదేనా?

దాదాపు ఖాయంగా కాదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) ఊళ్లలో లక్షల్లో తయారైన వయొలిన్లకు ఏ నమూనాలో చేశారో చెప్పడానికి ఆ కాగితం అంటించేవారు. కింద 'మేడ్ ఇన్ జర్మనీ' అని కూడా ఉంటే 1891 తర్వాతిది అనుకోవచ్చు, అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది అప్పుడే. అయినా నిరాశ పడకండి. వాటిలో చేతితో చెక్కిన మంచి వయొలిన్లు చాలా ఉన్నాయి.

బయటికి తీయగానే తీగలు బిగించకండి. ముందు ఎఫ్ రంధ్రంలోంచి లైటు వేసి సౌండ్ పోస్ట్ నిలబడి ఉందో లేదో చూడండి. ఏళ్ల తరబడి మూలన ఉన్నవాటిలో అది చాలాసార్లు పడిపోయి, పెట్టె ఊపితే గలగలమంటూ దొర్లుతుంటుంది. పోస్ట్ లేకుండా తీగలు బిగిస్తే పై పలక బ్రిడ్జి కింద చీలిపోవచ్చు. వయొలిన్ పని తెలిసినవాళ్లకు చూపించి పోస్ట్ నిలబెట్టించాక, పాత తీగలు తీసేసి, కొత్తవాటిని రోజుకు కొంచెం చొప్పున శ్రుతిలోకి తీసుకురండి.